కేసు ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?

క్రిమినల్ కేసుల గురించి మాకు వచ్చే ఉత్తరాల్లో చాలావాటి సారం ఒక్కటే: ‘మా కేసు ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పడం లేదు.’ ఫైలు స్టేషన్ నుంచి మేజిస్ట్రేట్ కోర్టుకు, పెద్ద కేసైతే అక్కడి నుంచి సెషన్స్ కోర్టుకు, ఆపైన అప్పీలుకు వెళ్తుంది. చేతులు మారిన ప్రతిసారీ మనం అడగాల్సిన మనిషీ మారతాడు, తీసుకోవాల్సిన కాగితమూ మారుతుంది. అందుకే కింది జవాబుల్లో ఫైలు ఎక్కడుందో తేల్చుకున్నాకే ఏం చేయాలో చెప్పాం.

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్), సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) అమలులోకి వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరమైతే సెక్షన్లు ఐపీసీవే ఉంటాయి. మీ కాగితాల్లో పాత నంబర్లు కనిపిస్తే కంగారు పడకండి.

ప్రశ్న: పొలం గట్టు తగాదాలో మా నాన్నగారిని కింద పడేసి తన్నారు. ముంజేతి ఎముక విరిగింది. స్టేషన్‌లో కాగితం తీసుకున్నారు కానీ పదిరోజులు దాటినా కేసు కట్టలేదు. ‘చిన్న గొడవే కదా, పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకోండి’ అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: ఫైలు ఇంకా పుట్టనే లేదు. మీ దగ్గర ఉన్నది ఫిర్యాదు ఇచ్చినట్టు రసీదు మాత్రమే. క్రైమ్ నంబరు వేసి, సెక్షన్లు రాసి, ఎఫ్ఐఆర్ ప్రతిని మేజిస్ట్రేటుకు పంపితేనే కేసు కట్టినట్టు. ఆ ప్రతి ఒకటి ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి.

మీ విషయంలో అంతా డాక్టరు రాసే కాగితం మీద ఆధారపడి ఉంది. మామూలు దెబ్బలైతే బీఎన్‌ఎస్ 115(2). శిక్ష ఏడాది వరకే. అది పోలీసులు సొంతంగా కేసు కట్టగలిగే నేరం కాదు, దర్యాప్తుకు మేజిస్ట్రేటు అనుమతి కావాలి. ఎముక విరిగితే అది తీవ్ర గాయం, 117(2) కిందికి వస్తుంది. ఏడేళ్ల వరకు శిక్ష ఉంది, పోలీసులు కేసు కట్టి తీరాలి. ‘చిన్న గొడవ’ అన్న మాట తప్పని తేల్చేది ఎక్స్‌రే. ప్రభుత్వ ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించారా? ఆ నంబరు, ఓపీ చీటీ, ఎక్స్‌రే ఫిల్ము, ఎముకల డాక్టరు రాసిన అభిప్రాయం జాగ్రత్త చేయండి. ఊండ్ సర్టిఫికెట్టును (గాయాల ధ్రువపత్రాన్ని) ఆసుపత్రి పోలీసులకు పంపుతుంది. ఎక్స్‌రే రిపోర్టు రాకముందే రాస్తే ‘అభిప్రాయం పెండింగ్’ అని ఉంటుంది. ఆ తర్వాత రిపోర్టును ఎవరూ తెచ్చి కలపకపోతే విరిగిన ఎముక ఫైల్లోకి ఎక్కదు, చార్జిషీటు 115(2) తోనే వెళ్లిపోతుంది. ఈ పొరపాటు చాలా కేసుల్ని నీరుగారుస్తోంది.

‘ప్రాథమిక విచారణ చేస్తున్నాం’ అని చెబితే ఇది గుర్తుంచుకోండి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకే, అదీ డీఎస్పీ అనుమతితో, 14 రోజుల్లో ముగిసేలా అలాంటి విచారణకు బీఎన్‌ఎస్‌ఎస్ 173(3) వీలు కల్పించింది. 117(2) శిక్ష సరిగ్గా ఏడేళ్ల వరకు ఉంది కాబట్టి ‘ఏడేళ్ల లోపు’ కిందికి రాదు. ‘మా పరిధి కాదు’ అన్న మాట కూడా చెల్లదు. ఏ స్టేషన్లో ఇచ్చినా జీరో ఎఫ్ఐఆర్ కట్టి సంబంధిత స్టేషనుకు పంపాలి. ఫిర్యాదును ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది, కాకపోతే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: అదే ఫిర్యాదును, రసీదు నకలు జతచేసి, జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. పోస్టల్ రసీదు, అందినట్టు రుజువు దాచండి. అయినా కదలకపోతే ఆ స్టేషను ఏ మేజిస్ట్రేటు పరిధిలోకి వస్తుందో ఆ కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 175(3) కింద పిటిషన్ వేయండి. దానికి ప్రమాణ పత్రం జతపరచాలి. ఎస్పీకి పంపిన రుజువు లేకుండా వేస్తే పిటిషన్ నిలవదు. దీనికి బదులు నేరుగా ప్రైవేటు ఫిర్యాదు వేసే దారి కూడా ఉంది. అయితే అందులో సాక్షుల్ని తెచ్చుకోవడం, కాగితాలు చూపించుకోవడం మీ నెత్తినే పడుతుంది. పోలీసులు దర్యాప్తు చేయాల్సిన నేరానికి ముందుగా ఆ దారి పట్టడం మంచిది కాదని మా అభిప్రాయం.

ఫిర్యాదు రాసేటప్పుడు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, దేనితో, ఎక్కడ కొట్టారో, చూసినవాళ్లెవరో రాయండి. ఆలస్యమైతే కారణం అందులోనే చెప్పండి: ముందు ఆసుపత్రికి వెళ్లాం, ఫలానా రోజు డిశ్చార్జి అయ్యారు, ఇలా. అవతలి ఇంట్లో వాళ్లందరి పేర్లూ చేర్చమని ఊళ్లో ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఆ పని చేయకండి. ఆ రోజు అక్కడ లేని ఒక్క మనిషిని ఇరికించినా, క్రాస్‌లో (అవతలి న్యాయవాది అడిగే ప్రశ్నల్లో) అది బయటపడిన రోజు, నిజంగా కొట్టినవాడి మీద చెప్పిన మాట కూడా అనుమానంలో పడుతుంది.

ఇంకో మాట. 117(2) బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరికే) నేరం. కేసు కట్టాక నిందితులకు స్టేషన్ బెయిలు ఇచ్చి పంపేస్తారు. అంతమాత్రాన కేసు పోయినట్టు కాదు. కేసు కట్టాక 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు తెలియజేయడం పోలీసుల బాధ్యత. ఆ గడువు తేదీని రాసుకుని, అప్పటికీ కబురు రాకపోతే రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: మా తమ్ముణ్ణి దొంగతనం కేసులో రాత్రి పది గంటలకు తీసుకెళ్లారు. స్టేషన్‌కి వెళ్తే ‘విచారణకు పిలిచాం, అంతే’ అన్నారు. రెండో రోజు రిమాండు చేశామన్నారు. ఇప్పుడు ఎన్నాళ్లు లోపల ఉంటాడు?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: రిమాండు అయిందంటే మనిషి మేజిస్ట్రేటు అధీనంలో ఉన్నాడు, దర్యాప్తు ఫైలు మాత్రం ఇంకా స్టేషన్‌లోనే ఉంది. ఈ రెంటినీ విడివిడిగా చూసుకోవాలి.

మొదట, ఆ రాత్రి సంగతి. అరెస్టు చేసిన 24 గంటల్లోపు, ప్రయాణానికి పట్టే సమయం మినహా, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ‘విచారణకు పిలిచాం’ అనే మాటతో ఆ 24 గంటల లెక్క ఆగిపోదు. స్టేషన్‌లోకి ఎన్ని గంటలకు తీసుకెళ్లారో, చూసినవాళ్లెవరో, సీసీ కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసి పెట్టుకోండి. అరెస్టు మెమోలో సమయం ఉంటుంది. కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతంలోని పెద్దమనిషో దాని మీద సాక్షి సంతకం పెట్టాలి. సమయం తప్పుగా వేస్తే సంతకం పెట్టే ముందు అక్కడే రాయించండి. అరెస్టు ఎందుకు చేస్తున్నారో కారణాలు అతనికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని, రిమాండుకు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా అవి అతని చేతికి అందాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అవి ఇవ్వకపోతే ఆ అరెస్టును, రిమాండును సవాలు చేయవచ్చు.

ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టే ముందు మెట్టు కాకూడదు. 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇదే: అరెస్టు అవసరమని కారణాలు రాయాలి, అవసరం లేకపోతే నోటీసు ఇచ్చి పిలవాలి. ఇప్పుడు ఆ నోటీసు బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద వస్తుంది. దాన్ని వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025లో స్పష్టం చేసింది. నోటీసు వస్తే మాత్రం తప్పకుండా వెళ్లాలి. వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. మూడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరంలో 60 ఏళ్లు దాటినవాళ్లను గానీ, ఆరోగ్యం బాగాలేనివాళ్లను గానీ అరెస్టు చేయాలంటే డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి ఉండాలి.

రిమాండుకు తెచ్చినప్పుడు మేజిస్ట్రేటు ‘పోలీసులు కొట్టారా?’ అని అడుగుతారు. నిజంగా కొట్టి ఉంటే అప్పుడే చెప్పాలి. మళ్లీ వాయిదా దాకా ఆగితే గాయాలు మాయమవుతాయి, మాట మీద నమ్మకమూ తగ్గుతుంది. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవా కమిటీ కార్యాలయంలో అడగండి.

ఇక మీ అసలు ప్రశ్న. మామూలు దొంగతనం, అంటే బీఎన్‌ఎస్ 303(2) అయితే సాధారణంగా శిక్ష మూడేళ్ల వరకే. రెగ్యులర్ బెయిలు పిటిషన్ మేజిస్ట్రేటు కోర్టులోనే వేయవచ్చు. పోలీసులు కస్టడీ పిటిషన్ వేసి ఉన్నా, సొత్తు రికవరీ కాకపోయినా మొదటిసారి కొట్టేసే అవకాశం ఉంది. కొట్టేస్తే సెషన్స్ కోర్టుకు వెళ్లవచ్చు. ఇంట్లో చొరబడి చేసినదైతే సెక్షన్లు మారతాయి కాబట్టి ముందు ఎఫ్ఐఆర్ చూడండి.

బెయిలు రాకపోయినా ఒక గడువు ఉంది. చాలామంది దాన్ని వదిలేసుకుంటున్నారు, అదే మాకు బాధ. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా అంతకు మించిన శిక్ష ఉన్న నేరాల్లో 90 రోజులు, మిగతావాటిలో 60 రోజులు. ఆలోపు చార్జిషీటు పడకపోతే బెయిలు అడగడం నిందితుడి హక్కు. గంజాయి లాంటి మాదకద్రవ్యాల కేసుల్లో పరిమాణం ఎక్కువైతే ఈ గడువు 180 రోజులు. లెక్క అరెస్టు రోజు నుంచి కాదు, మొదటి రిమాండు రోజు నుంచి. రిమాండు చేసిన రోజును కూడా కలిపి లెక్కించాలని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ తమ్ముడి కేసు 60 రోజుల కిందిదైతే 61వ రోజు పొద్దున్నే పిటిషన్ కోర్టులో పడాలి. ఈ బెయిలు దానంతట అది రాదు. మీరు అడిగేలోపు చార్జిషీటు పడిపోతే హక్కు పోయినట్టే. మీరు ముందు అడిగి, జామీనుకు సిద్ధంగా ఉంటే, అదే రోజు మధ్యాహ్నం చార్జిషీటు పడినా హక్కు నిలుస్తుంది. అందుకే పిటిషన్ వేసిన సమయం కోర్టు ముద్రలో కనపడేలా చూసుకోండి.

ప్రశ్న: మా ఆయనకు బెయిలు వచ్చి మూడు వారాలైంది. జామీనులు దొరక్క ఇంకా జైల్లోనే ఉన్నారు.
– ఒక పాఠకురాలు, కర్నూలు జిల్లా

జవాబు: బెయిలు ఆర్డరు వచ్చినా ముచ్చలికలు (పూచీకత్తు బాండ్లు), జామీనులు కోర్టు ఆమోదించి విడుదల ఉత్తర్వు జైలుకు చేరేదాకా మనిషి బయటికి రాడు. జామీనుదారు ఆధార్, ఫొటోలు, ఇంటి పన్ను రసీదు లేదా పట్టాదారు పాసుపుస్తకం, ఉద్యోగైతే జీతం సర్టిఫికెట్ తేవాలి. వేరే జిల్లా వాళ్లన్న ఒక్క కారణంతో జామీనును తిరస్కరించడం తప్పని సుప్రీంకోర్టు 1978లోనే, మోతీరామ్ కేసులో చెప్పింది. బెయిలు వచ్చి ఏడు రోజులైనా విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెల దాటితే షరతులు సడలించే విషయం కోర్టే పరిశీలించవచ్చు. ఇవి సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఇచ్చిన ఆదేశాలు. మీరు నెల దాకా ఆగాల్సిన పని లేదు. జామీను మొత్తం తగ్గించమనో, ఇద్దరికి బదులు ఒక్కరు చాలనో, సొంత పూచీకత్తు మీద వదలమనో పిటిషన్ వేయండి. డబ్బు తీసుకుని జామీను ఇస్తామని కోర్టు బయట తిరిగేవాళ్ల జోలికి పోవద్దు. వాళ్లు ఇచ్చే పాసుపుస్తకాలు దొంగవని తేలితే మీ ఆయన బెయిలు రద్దవడమే కాదు, కొత్త కేసు కూడా పడుతుంది.

ప్రశ్న: చార్జిషీటు వేసేశామని ఎస్సై గారు నాలుగు నెలల క్రితమే చెప్పారు. కోర్టులో అడిగితే అలాంటి కేసు నంబరే లేదంటున్నారు. ఎవరు అబద్ధం చెబుతున్నట్టు?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. చార్జిషీటు కోర్టు ఆఫీసుకు చేరిన వెంటనే నంబరు పడదు. కోర్టు సిబ్బంది దాన్ని పరిశీలిస్తారు. ఫోరెన్సిక్ రిపోర్టు లేదనో, మధ్యవర్తుల నివేదిక (పంచనామా) మీద సంతకం లేదనో, ఎంతమంది నిందితులుంటే అన్ని నకళ్లు ఇవ్వలేదనో అభ్యంతరం రాసి వెనక్కి పంపుతారు. అది మళ్లీ స్టేషన్‌కి వెళ్తుంది. అక్కడ ఎస్సై బదిలీ అయి ఉంటే, లేదా రైటరు బీరువాలో ఉండిపోతే నెలలు గడిచిపోతాయి. ఫిర్యాదుదారుకు ఈ దశ కనపడదు. అందుకే అడగాల్సిన ప్రశ్న ‘చార్జిషీటు వేశారా?’ కాదు. ‘ఏ తేదీన వేశారు, రిటర్న్ అయిందా, అయితే మళ్లీ ఎప్పుడు వేశారు?’ అని అడగాలి. ఆ స్టేషను తరఫున కోర్టు పనులు చూసే కోర్టు కానిస్టేబుల్‌కు ఇది తెలుస్తుంది.

చిన్న నేరాల్లో మొదట్లోనే ఆలస్యమైతే అదే కేసును మింగేస్తుంది. ఏడాది వరకు శిక్ష ఉన్న నేరానికి ఏడాది, మూడేళ్ల వరకు శిక్ష ఉన్నదానికి మూడేళ్లు గడువు; కొత్త చట్టంలో ఈ లెక్కకు ఎఫ్ఐఆర్ నమోదైన తేదీని చూస్తారు. ఆ తర్వాత ఆలస్యానికి కారణం చూపించి కోర్టును ఒప్పించాల్సి వస్తుంది.

అన్నీ సరిగ్గా ఉంటే మేజిస్ట్రేటు కేసును విచారణకు స్వీకరిస్తారు, అప్పుడు సీసీ (క్యాలెండర్ కేసు) నంబరు పడుతుంది. హత్య లాంటి సెషన్స్ కేసైతే ముందు పీఆర్‌సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు వేసి, నిందితులకు నకళ్లు ఇచ్చి, సెషన్స్ కోర్టుకు కమిట్ చేస్తారు, అంటే అప్పగిస్తారు. అక్కడ ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరు వస్తుంది. అంటే ఒకే కేసుకు క్రైమ్ నంబరు, పీఆర్‌సీ నంబరు, ఎస్సీ నంబరు, మూడు ఉంటాయి. పాత నంబరుతో వెతికి ‘కేసు కనపడటం లేదు’ అనుకునేవాళ్లు ఎందరో. ఈకోర్ట్స్ యాప్‌లో స్టేషను పేరు, ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం ఇచ్చి వెతకండి. అక్కడ కనిపించే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు రాసుకుంటే ఆ కోర్టులోని వాయిదాలన్నీ దానితోనే చూడవచ్చు. కమిట్ అయ్యాక సెషన్స్ కోర్టులో మళ్లీ కొత్త సీఎన్ఆర్ వస్తుంది.

నకళ్లు నిందితుడు హాజరైన 14 రోజుల్లో ఇవ్వాలని, కమిట్ చేయడం 90 రోజుల్లో ముగించాలని, తప్పనిసరైతే కారణాలు రాసి 180 రోజుల దాకా తీసుకోవచ్చని కొత్త చట్టం చెబుతోంది. ఆచరణలో ఎక్కువగా ఆగేది నిందితుల దగ్గర. ఎ1, ఎ2 (ఒకటో, రెండో నిందితులు) వస్తారు, ఎ3 దొరకడు, వారంటు వెనక్కి వస్తుంది, కేసు మొత్తం అతని కోసం కూర్చుంటుంది. అలాంటప్పుడు ఎ3 మీద కేసును విడగొట్టి మిగతావాళ్ల మీద నడిపించమని ఏపీపీ (ప్రభుత్వం తరఫు న్యాయవాది) గారి ద్వారా కోరండి. ఈ ఒక్క పని ఏళ్ల కాలయాపనను తప్పిస్తుంది.

ఒకవేళ చార్జిషీటు కాకుండా ‘కేసు మూసేశాం’ అన్న రిఫర్డ్ నోటీసు వస్తే అది అంతిమ తీర్పు కాదు. ఫిర్యాదుదారు మాట వినకుండా మేజిస్ట్రేటు దాన్ని ఆమోదించకూడదని 1985లో భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసులు విచారించని సాక్షులెవరో, చూడని కాగితాలేవో చూపిస్తూ ప్రొటెస్ట్ (అభ్యంతర) పిటిషన్ వేయండి.

ప్రశ్న: ఐదేళ్ల కిందటి కొట్లాట కేసులో నాకు సాక్షి సమన్లు వచ్చాయి. అప్పుడు నేను ఏం చెప్పానో కూడా సరిగా గుర్తు లేదు. అవతలివాళ్లు ‘గుర్తులేదని చెప్పేసెయ్, నీకే మంచిది’ అంటున్నారు. వెళ్లకపోతే ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: వెళ్లకపోతే మొదట బెయిలబుల్ వారంటు, తర్వాత నాన్‌బెయిలబుల్ వారంటు వస్తాయి. ఆ రోజు నిజంగా వీలుకాకపోతే ముందే ఏపీపీ గారికి గానీ కోర్టు కానిస్టేబుల్‌కు గానీ కారణం రాసిచ్చి మరో తేదీ అడగండి. దూరాన ఉంటే వీడియో ద్వారా సాక్ష్యం ఇవ్వడానికి అనుమతి కోరవచ్చు. దారి ఖర్చుల కోసం బత్తా అడిగే హక్కు కూడా మీకు ఉంది.

మీరు పోలీసులకు చెప్పినట్టు రాసుకున్న వాంగ్మూలాన్ని ఇప్పటికీ అందరూ ‘161 స్టేట్‌మెంట్’ అనే అంటారు. కొత్త చట్టంలో అది సెక్షన్ 180. దాని మీద మీ సంతకం ఉండదు, తీసుకోకూడదు కూడా. కోర్టులో సాక్ష్యం ఆ కాగితం కాదు, మీరు బోనులో నిలబడి చెప్పే మాట. ఆ కాగితం మీ మాటకూ దానికీ తేడా చూపించడానికే పనికొస్తుంది. అందుకని ఆ రోజు ఉదయమే ఏపీపీ గారిని కలిసి, మిమ్మల్ని ఏ అంశం మీద పిలిచారో తెలుసుకోండి. బోనులో మొదట ఏపీపీ అడుగుతారు, ఆ తర్వాత నిందితుల న్యాయవాది క్రాస్ చేస్తారు. క్రాస్‌లో వచ్చే ప్రశ్నల్లో చాలావరకు ‘ఫలానా మాట మీరు పోలీసులకు చెప్పలేదు, ఇప్పుడే చెబుతున్నారు’ అన్న దారిలో ఉంటాయి. చెప్పి ఉంటే చెప్పానని, చెప్పకపోతే లేదని చెప్పండి. తేదీ గుర్తులేకపోతే గుర్తులేదనండి. ఐదేళ్ల తర్వాత గంటా నిమిషాలతో సహా అప్పజెప్పే సాక్షినే కోర్టు అనుమానిస్తుంది. మీ మాట ఆంగ్లంలో టైపు చేస్తుంటే, ముగిశాక తెలుగులో చదివి వినిపించమని అడగండి. తప్పు పడితే అప్పుడే చెప్పాలి, సంతకం పెట్టాక కష్టం.

నిజంగా మరిచిపోవడం నేరం కాదు. గుర్తుండి ‘చూడలేదు’ అనడం తప్పుడు సాక్ష్యం. బీఎన్‌ఎస్ 229 కింద దానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. మీరు హోస్టైల్ అయ్యారని (ఎదురు తిరిగారని) ప్రకటించి ఏపీపీయే మిమ్మల్ని క్రాస్ చేస్తారు. దెబ్బలు తిన్న మనిషి తరఫున నిలబడేది చూసినవాళ్లే. దయచేసి ఆ మాట మరవకండి. బెదిరింపు ఉంటే భరిస్తూ ఊరుకోనక్కర్లేదు. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు చేయండి. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీ దాన్ని పరిశీలిస్తుంది, డీఎస్పీ నుంచి ముప్పు నివేదిక తెప్పించుకుంటుంది. ఎవరు, ఏ తేదీన, ఏ నంబరు నుంచి ఏమన్నారో రాసి ఇస్తే నివేదిక బలంగా వస్తుంది.

ప్రశ్న: రెండు కుటుంబాలూ రాజీ పడ్డాం. కోర్టులో కేసు తీసేయించుకోవాలంటే ఎలా? సాక్షులంతా ‘మాకేమీ తెలియదు’ అంటే సరిపోతుందని ఒకాయన చెప్పారు.
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఆయన చెప్పింది చేయకండి. రాజీకి చట్టమే దారి ఇచ్చినప్పుడు బోనులో అబద్ధం ఎందుకు? మామూలు దెబ్బల కేసు, 115(2), బాధితుడు ఒప్పుకుంటే రాజీ అవుతుంది. మోసం కేసు, 318(4), కోర్టు అనుమతితో రాజీ అవుతుంది. ఇవి లోక్ అదాలత్‌లో ఒక్కరోజులో ముగుస్తాయి. రాజీ నమోదైతే నిందితుణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టినట్టే లెక్క.

అత్తింటి వేధింపుల కేసు సంగతి వేరు. పాత 498ఏను కోర్టు అనుమతితో రాజీ చేసుకునేలా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో సవరణ తెచ్చింది. రాజీ దరఖాస్తు పెట్టాక కనీసం మూడు నెలలు ఆగాలని, ఈలోపు ఎవరూ వెనక్కి తగ్గకూడదని అందులో షరతు. కొత్త బీఎన్‌ఎస్ 85 మాత్రం రాజీ పట్టికలో లేదు. ఆ కేసులో ఇద్దరూ ఒప్పంద పత్రంతో హైకోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద కేసు కొట్టేయమని కోరాలి. హత్య, అత్యాచారం, పోక్సో లాంటివి డబ్బుతోనో పెద్దమనుషుల మాటతోనో తీరేవి కావు, హైకోర్టూ మామూలుగా ఒప్పుకోదు. రాజీ పత్రంలో ఇవ్వాల్సిన డబ్బు, వస్తువులు, రెండో వైపు వేసిన ఎదురు కేసులు అన్నీ నంబర్లతో రాయండి. ఒక కేసు మూసి ఇంకొకటి మరిచిపోతే ఆర్నెల్లలో మళ్లీ కోర్టుకు వస్తారు.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా వదిన పెట్టిన కేసులో నేను ఎ4. పాస్‌పోర్టు గడువు ముగియబోతోంది. కేసు సంగతి రాయకుండా దరఖాస్తు చేయమని స్నేహితులు చెబుతున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: రాయకుండా చేయకండి. విషయం దాచి పాస్‌పోర్టు తీసుకోవడం పాస్‌పోర్టుల చట్టం కింద మరో నేరం. కోర్టులో క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చని చట్టంలో ఉన్నా, దానికి మినహాయింపు కూడా ఉంది. 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, కేసు నడుస్తున్న కోర్టు అనుమతి ఇస్తే పాస్‌పోర్టు ఇస్తారు. ఆ ఆర్డరులో ఎన్నేళ్లకో రాయకపోతే ఒక్క ఏడాదికే ఇస్తారు. అందుకే మీ న్యాయవాది పిటిషన్‌లో ‘పదేళ్ల కాలానికి’ అని ప్రత్యేకంగా అడగాలి, ఆర్డరులోనూ ఆ మాట పడేలా చూడాలి. ఈ ఒక్క మాట లేక ఏటేటా కోర్టు చుట్టూ తిరిగేవాళ్లున్నారు.

మీ కేసు ఇంకా ఎఫ్ఐఆర్ దశలోనే ఉందా, కోర్టు విచారణకు స్వీకరించిందా తెలుసుకోండి. కోర్టులో ఉంటే ప్రతి వాయిదాకూ రాలేరు కాబట్టి వ్యక్తిగత హాజరు మినహాయింపు పిటిషన్ వేయించండి. అది లేకుండా రెండు మూడు వాయిదాలు దాటితే మీ మీద వారంటు వస్తుంది. అప్పుడు పాస్‌పోర్టు అనుమతి కన్నా ముందు వారంటు రీకాల్ (రద్దు) చేయించుకోవాల్సి వస్తుంది. నేరంలో మీ పాత్ర ఏమీ రాయకుండా బంధువైనందుకే పేరు చేర్చి ఉంటే, హైకోర్టులో మీ ఒక్కరి మేరకు కేసు కొట్టేయమని కోరవచ్చు.

ప్రశ్న: ప్రమాదం కేసులో మా బండి స్టేషన్ ఆవరణలో తుప్పు పడుతోంది. కేసు అయ్యేదాకా ఆగాలా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: అక్కర్లేదు. ఆర్‌సీ, బీమా, లైసెన్సు, ఆధార్ నకళ్లతో మేజిస్ట్రేటు కోర్టులో తాత్కాలిక అప్పగింత పిటిషన్ వేయండి. స్వాధీనం చేసుకున్న వాహనాలను స్టేషన్లలో పాడుపడేయవద్దని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ కేసులో చెప్పింది. కొత్త చట్టమూ 14 రోజుల్లో వివరాలు రాసి, ఫొటోలు, వీడియో తీయించి, ఆపైన 30 రోజుల్లో సొత్తు సంగతి తేల్చాలంటోంది. అమ్మకూడదు, రంగు మార్చకూడదు, అడిగినప్పుడు చూపించాలి అన్న షరతులతో బాండు రాయించుకుని ఇస్తారు. రవాణా శాఖ అధికారి తనిఖీ రిపోర్టు ఇంకా రాలేదని పోలీసులు అభ్యంతరం చెప్పడం మామూలే. ఆ తనిఖీ అయిందో లేదో పిటిషన్ వేయకముందే కనుక్కోండి. మద్యం రవాణా కేసులో పట్టుబడిన బండికైతే దారి వేరు, ఎక్సైజ్ శాఖ డిప్యూటీ కమిషనరు దగ్గర జప్తు వ్యవహారం నడుస్తుంది.

ప్రశ్న: మేజిస్ట్రేటు కోర్టు నిందితుల్ని వదిలేసింది. ప్రభుత్వం అప్పీలు వేయదంటున్నారు. మేం వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వేయవచ్చు. బాధితులకు బీఎన్‌ఎస్‌ఎస్ 413 ఆ హక్కు ఇచ్చింది. నిందితుల్ని వదిలేసినా, చిన్న సెక్షను కింద శిక్షించినా, పరిహారం తక్కువ ఇచ్చినా అప్పీలుకు వెళ్లవచ్చు. మేజిస్ట్రేటు తీర్పు మీద సెషన్స్ కోర్టులో వేయాలి. శిక్ష తక్కువైందన్న ఒక్క కారణంతో మాత్రం బాధితులు ఈ సెక్షను కింద వేయలేరు. తీర్పు సర్టిఫైడ్ కాపీకి వెంటనే దరఖాస్తు పెట్టండి. కాపీ తయారయ్యేందుకు పట్టిన రోజులు గడువులోంచి మినహాయిస్తారు, ఆ తేదీలు కాపీ వెనక ముద్రలో ఉంటాయి. 30 రోజుల్లోపే వేసేస్తే గడువు గురించి ఎవరూ వేలెత్తరు. సాక్ష్యం దశలోనే సొంత న్యాయవాదిని పెట్టుకుని ఏపీపీకి సహకరించడానికి, కోర్టు అనుమతితో లిఖిత వాదనలు ఇవ్వడానికి మీకు వీలుండేది. అప్పీలులో కొత్త సాక్షుల్ని తేవడం బహు అరుదు, కింది కోర్టులో ఉన్న రికార్డు మీదే వాదన నడుస్తుంది. అందుకే తీర్పు కాపీతో పాటు సాక్షుల వాంగ్మూలాలన్నిటికీ, ఎగ్జిబిట్లకూ నకళ్లు అడగండి. ఏ సాక్షి ఏ మాట దగ్గర జారాడో, డాక్టరు మాటను జడ్జి ఎందుకు తోసిపుచ్చారో వాటిలోనే తెలుస్తుంది. ఖర్చు భరించలేకపోతే, స్త్రీలకు ఆదాయ పరిమితి లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేసేటప్పుడు ఆ నకళ్లన్నీ వెంట తీసుకెళ్లండి.